క్షయకు మందు ఉంది, క్షీణతకో?

క్షయ ఉందని తేలిన మనిషికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఇచ్చే ముందు బరువు చూస్తారు. రోజుకు ఎన్ని మాత్రలు వేసుకోవాలో తేల్చేది ఆ అంకే. మొదటి రెండు నెలలు వాడే, నాలుగు మందులు కలిపి చేసిన మాత్ర 25 నుంచి 34 కిలోల బరువున్న పెద్దవారికి రోజుకు రెండు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. ఈ పట్టికలో మొదటి వరుస దగ్గర కాసేపు ఆగాలి. పెద్దవారి కోసం రాసిన పట్టిక పాతిక కిలోల దగ్గర మొదలవుతోందంటే, అంత బరువుతో ఆసుపత్రి గడప తొక్కే పెద్దవారు ఈ దేశంలో ఉన్నారన్నమాట. 34 కిలోలంటే ఏడో తరగతి చదివే పిల్లవాడి బరువు. ఆ అంకెను చీటీ మీద రాసుకుని, మాత్రల లెక్క కట్టి, మందుల పొట్లం చేతికిచ్చాక, ఆ మనిషి అంత బరువే ఎందుకున్నాడన్న ప్రశ్న చాలాకాలం ఎవరి రిజిస్టరులోనూ లేదు.

ఈ జబ్బుకు మన భాషలో ఉన్న పేరులోనే ఆ ప్రశ్న ఉంది. క్షయం అంటే తరిగిపోవడం. ఊపిరితిత్తుల గురించో దగ్గు గురించో కాక, మనిషి కరిగిపోవడాన్ని చూసి పెట్టిన పేరది.

రోగలక్షణానికి కాక మొత్తం మనిషికి వైద్యం చేయాలనే మాట ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది. సమగ్ర వైద్యం, సంపూర్ణ ఆరోగ్యం అనే పేర్లతో మంచి ఆలోచనలూ అమ్ముడవుతున్నాయి, చూర్ణాలూ అమ్ముడవుతున్నాయి. ఆ మాటకు నిజంగా అర్థమేమిటో తేల్చుకోవడానికి అన్నిటికంటే కష్టమైన ఉదాహరణ తీసుకోవడం మేలని నాకు అనిపిస్తుంది. నడుము నొప్పికో నిద్రలేమికో సమగ్ర దృష్టి అవసరమంటే ఎవరూ కాదనరు. క్షయ అలాంటిది కాదు. దానికి ఒక నిర్దిష్టమైన సూక్ష్మజీవి ఉంది, దాన్ని చంపే మందులున్నాయి. దగ్గు మందు తాగిస్తే అది లక్షణానికి చేసే వైద్యం. క్రిమిని చంపే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ లాంటి మందులు వేస్తే అది కారణానికే చేసే వైద్యం. అల్లోపతి లక్షణాలను మాత్రమే అణచివేస్తుందనే నింద ఇక్కడ అసలు నిలవదు. అయినా ఆ కారణానికి వెనక మరో కారణం మిగిలే ఉంటుంది.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. అప్పటినుంచి జబ్బుకు కారణమేమిటన్న ప్రశ్న తీరిపోయినట్టే అనిపించింది. కానీ క్రిమి ఒంట్లో చేరిన ప్రతివారికీ జబ్బు రాదు. సోకినవారిలో జీవితకాలంలో జబ్బు పడేవారు నూటికి ఐదు నుంచి పది మంది మాత్రమే. మిగతావారిలో రోగనిరోధక కణాలు క్రిమి చుట్టూ గోడ కట్టినట్టు చేరి, దాన్ని ఏళ్ల తరబడి కదలనివ్వవు. ఆ కాపలాకు రోజూ కూలి ఇవ్వాలి. అది మాంసకృత్తులూ శక్తీ విటమిన్ల రూపంలో ఇవ్వాలి. తిండి తగ్గితే కాపలా సడలుతుంది. బీఎంఐ, అంటే ఎత్తుకు తగిన బరువును చెప్పే సూచిక, ఒక్క పాయింటు పెరిగితే క్షయ వచ్చే అవకాశం సుమారు 14 శాతం తగ్గుతుందని అనేక దేశాల సమాచారాన్ని కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2010లో చూపింది. మధుమేహం ఉంటే ముప్పు దాదాపు మూడు రెట్లవుతుంది. హెచ్ఐవీ, పొగ, మితిమీరిన మద్యం, రాతి క్వారీల్లో పీల్చే సిలికా దుమ్ము, ఇవన్నీ ఏదో ఒక దారిన ఆ కాపలాను బలహీనపరిచేవే.

జబ్బు మొదలయ్యాక ఇదే చక్రం వెనక్కి తిరుగుతుంది. క్రిమితో పోరాడే శరీరం విడుదల చేసే రసాయనాలు ఆకలిని చంపుతాయి, కండరాన్ని కరిగిస్తాయి. వాటిలో ముఖ్యమైన టీఎన్ఎఫ్ అనే దానికి మొదట్లో, మనిషిని చిక్కబెట్టే పదార్థమనే అర్థంలో, కేకెక్టిన్ అని పేరు పెట్టారు. రెండూ ఒకటేనని 1980ల్లో తేలింది. తిండి లేక జబ్బు, జబ్బు వల్ల తిండి సహించకపోవడం, చిక్కిపోయి పనికి పోలేక మళ్లీ తిండి లేకపోవడం. ఈ గానుగలో ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అని అడగడం వృథా.

మందులు లేని రోజుల్లో వైద్యులకు ఈ సంగతి బాగానే తెలుసు. తెలియడమే కాదు, వారి చేతిలో ఉన్నది కూడా అదొక్కటే. మదనపల్లె దగ్గర 1915లో మొదలైన క్షయ శానిటోరియానికి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సారథి. కొండల మధ్య పొడిగాలి, గాలి ధారాళంగా వచ్చే వార్డులు, నెలల తరబడి విశ్రాంతి, వేళకు పాలూ గుడ్లూ మంచి భోజనమూ ఆనాటి శానిటోరియం వైద్యం. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలమీద శానిటోరియం వెలిసిందీ ఇదే నమ్మకంతో. ఈనాటి ప్రచార భాషలో చెప్పాలంటే, అంతకంటే సమగ్రమైన వైద్యం ఉండదు.

అయితే ఆ వైద్యం సాధించిందేమిటో కూడా నిజాయితీగా చూడాలి. మందులు రాని కాలంలో, కళ్లెలో క్రిమి కనిపించే స్థాయి క్షయ వచ్చినవారిలో పదేళ్లు తిరిగేసరికి నూటికి సుమారు 70 మంది చనిపోయేవారు. మంచి గాలి, మంచి తిండి కొందరిని నిలబెట్టాయి, చాలామందిని నిలబెట్టలేకపోయాయి. మందులు మానేసి ప్రకృతిని నమ్ముకోమని చెప్పేవారు ఈ అంకెను ఎప్పుడూ చెప్పరు.

1940ల్లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. వచ్చిన కొద్ది ఏళ్లకే మద్రాసులో ఒక కీలకమైన ప్రయోగం జరిగింది. దేశంలో క్షయ రోగులు లక్షల్లో, శానిటోరియం మంచాలు వేలల్లో ఉన్న కాలమది. రోగిని ఇంట్లోనే ఉంచి మాత్రలు ఇస్తే సరిపోతుందా అని తేల్చుకోవడానికి 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ ఒక కేంద్రం పెట్టాయి. నగరంలోని 193 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, సగం మందిని శానిటోరియంలో, సగం మందిని వారి ఇరుకిళ్లలోనే ఉంచి ఏడాదిపాటు ఒకే రకం మందులు ఇచ్చారు. శానిటోరియంలోనివారు మంచి తిండి తిన్నారు, విశ్రాంతి తీసుకున్నారు, ఎక్కువ బరువు పెరిగారు. ఇంట్లో ఉన్నవారు పనీ చేశారు, తక్కువా తిన్నారు. ఏడాది చివర కళ్లె పరీక్షల్లో రెండు జట్ల ఫలితాలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబ సభ్యులకు అదనంగా జబ్బు సోకిందీ లేదు.

1959లో అచ్చయిన ఈ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యం దారి మార్చింది. సంవత్సరాల తరబడి పిల్లలకు, పొలానికి దూరంగా మంచం మీద పడి ఉండాల్సిన అవసరం తప్పింది. పేద దేశాలకు అదొక విముక్తి. ఆ ప్రయోగాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. చిక్కంతా దాని నుంచి మనం నేర్చుకున్న పాఠంలో ఉంది. ప్రయోగం చెప్పింది ఒకటే: మందులు సరిగ్గా పడితే, తిండి అంతంత మాత్రంగా ఉన్నా కళ్లెలోని క్రిమి పోతుంది. విన్నవాళ్లకు వినపడింది మరొకటి: తిండితో పనిలేదు. కొలిచింది క్రిమిని కాబట్టి జవాబు క్రిమి గురించే వచ్చింది. ఆ మనిషి మళ్లీ బస్తా ఎత్తగలిగాడా, ఇంట్లో మిగతావారికి ముందుముందు జబ్బు రాకుండా ఉందా అన్నవి వేరే ప్రశ్నలు. కార్యక్రమం విస్తరించి మాత్రల పంపిణీ పకడ్బందీ అయినకొద్దీ, తిండి లెక్కల పుస్తకంలోంచి జారిపోయింది.

దాన్ని మళ్లీ లెక్కలోకి తెచ్చినవారిలో ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి అనే పల్లెలో పనిచేసిన వైద్యులు ముఖ్యులు. తమ దగ్గరికి వచ్చిన 1,695 మంది ఊపిరితిత్తుల క్షయ రోగుల బరువులను వారు 2013లో ప్రచురించారు. మగవారి మధ్యస్థ బరువు సుమారు 42 కిలోలు, ఆడవారిది సుమారు 34 కిలోలు. అంటే ఆ స్త్రీలలో సగం మంది మన పట్టికలోని మొట్టమొదటి వరుసవారే.

తర్వాతి ప్రయోగం జార్ఖండ్‌లో జరిగింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల ఆధ్వర్యంలో 2019లో మొదలై, 2023 ఆగస్టులో ఫలితాలు వెలువడిన ఈ అధ్యయనానికి రేషన్స్ అని పేరు. మందులు అందరికీ మామూలుగానే ఇచ్చారు. దానితోపాటు 2,800 మంది రోగులకు నెలకు పది కిలోల తిండి సరుకు ఇచ్చారు: ఐదు కిలోల బియ్యం, మూడు కిలోల వేయించిన శనగపిండి, కిలోన్నర పాలపొడి, అర లీటరు నూనె, వాటితో విటమిన్ మాత్రలు. రోజుకు పంచితే ఇది సుమారు 1,200 కేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు. ఇందులో అరుదైన మూలిక లేదు, విదేశీ పొడి లేదు. ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సరుకే. రెండు నెలల్లో అయిదు శాతం బరువు పెరిగినవారిలో, పెరగనివారితో పోలిస్తే మరణాల ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద విషయం రోగుల ఇళ్లలో జరిగింది. ఆ ఇళ్లలో రోగితో కలిసి ఉంటున్న 10,345 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గంలో తలకు నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రెండో వర్గంలో ఇంటివారికి సరుకు లేదు, రోగికి మాత్రమే ఉంది. సుమారు రెండేళ్లు గమనిస్తే, తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. అందరికీ అంటించగలిగే ఊపిరితిత్తుల రకం 48 శాతం తగ్గింది. క్షయను ఇంతగా ఆపగల టీకా పెద్దవారికి ఇప్పటికీ లేదు. బీసీజీ పసిపిల్లల్లో తీవ్రమైన రకాలను అడ్డుకుంటుంది గానీ, పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని 1968లో చెంగల్పట్టులో మొదలైన భారీ పరీక్షలో తేలింది.

ఈ ఫలితాన్ని కూడా కళ్లు మూసుకుని తీసుకోకూడదు. ఎవరు అన్నం తింటున్నారో దాచిపెట్టి ప్రయోగం చేయలేం కాబట్టి, మందుల ప్రయోగాల్లో ఉండే గోప్యత ఇందులో లేదు. రోగుల్లో బరువుకూ బతకడానికీ మధ్య కనిపించింది సంబంధమే. బాగా కోలుకుంటున్నవారు కాబట్టే ఎక్కువ తిని బరువు పెరిగి ఉండవచ్చన్న వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. రోగులకు ఆహారం ఇచ్చి చేసిన అంతకుముందు చిన్న ప్రయోగాల ఫలితాలు స్పష్టంగా లేవు కూడా. ఇంటివారి విషయంలో మాత్రం లాటరీ వేసి విడదీసిన పోలిక ఉంది కనుక ఆ రుజువు గట్టిది.

దీనికి వందేళ్ల కిందటి ఇంగ్లండ్‌లో ఒక పూర్వరూపం ఉంది. 1918లో కేంబ్రిడ్జ్ దగ్గరి పాప్‌వర్త్‌లో పెండ్రిల్ వేరియర్ జోన్స్ అనే వైద్యుడు క్షయ రోగులను కుటుంబాలతో సహా ఒక పల్లెలో స్థిరపరచి, ఒంటికి తగిన పని, కూలి, గాలి వచ్చే ఇల్లు, తిండి కల్పించాడు. అక్కడ పెరిగిన పిల్లలకు క్రిమి సోకడం ఆగలేదు, జబ్బుగా మారడం మాత్రం బాగా తగ్గింది.

ఇక మన దగ్గరి సంగతి. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగి బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తూ వచ్చారు. 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. 2022 సెప్టెంబరులో దాతలు రోగులను దత్తత తీసుకుని సరుకుల బుట్టలు ఇచ్చే నిక్షయ్ మిత్ర పథకం మొదలైంది. సంతోషించవలసిందే. కానీ లెక్క చూడండి: నెలకు వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు. రెండు గుడ్లు, అర లీటరు పాలు కొంటే అక్కడికే చాలదు. పైగా డబ్బు వేరు, తిండి వేరు. కూలికి పోయే మనిషే మంచాన పడ్డ ఇంట్లో ఆ వెయ్యి ముందు కరెంటు బిల్లుకో, చిట్టీకో, పిల్లవాడి ఫీజుకో పోతుంది. గుడ్డు వచ్చినా పళ్లెంలోకి చేరేసరికి దారి మారుతుంది. జబ్బు మనిషి తల్లి అయితే, ఆమె ఆ గుడ్డును పిల్లవాడి పళ్లెంలో వేయకుండా తాను తింటుందని అనుకునేవారు మన ఇళ్లను చూడనివారే. జార్ఖండ్‌లో ఇంటివారందరికీ సరుకు ఇవ్వడంలోని తెలివి ఇదే: అందరి పళ్లెంలోనూ ఉంటే రోగి పళ్లెంలోనూ మిగులుతుంది.

దీనికి తోడు పథ్యం. మాత్రలు వేడి చేస్తాయని గుడ్డు, మాంసం, చేప మాన్పించి చారన్నంతో సరిపెట్టే ఇళ్లు తెలుగునాట కొల్లలు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. ముందుగా చెప్పకపోతే ఆ రంగును చూసి వేడి చేసిందనే అనుకుంటారు, పథ్యం ఇంకా బిగిస్తారు. క్షయలో తినకూడనిదంటూ ప్రత్యేకంగా ఏదీ లేదని, మధుమేహం లాంటివి ఉంటే తప్ప ఇష్టమైనది కడుపునిండా తినవచ్చని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెప్పవలసింది రోగికి కాదు, ఇంట్లో వండేవారికి. కంచం, గ్లాసు వేరు చేయడం మరో అలవాటు. క్షయ గాలి ద్వారా వస్తుంది గానీ గిన్నెల ద్వారా రాదు. కంచం వేరైన మనిషి మూల కూర్చుని సగం తిని లేస్తాడు.

ఇక్కడే ఎదురు దిక్కునుంచి వచ్చే ప్రమాదం గురించి కూడా చెప్పాలి. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే జ్వరం తగ్గుతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. ఈ దశలోనే ఎవరో ఒకరు, ఇక ఈ వేడి మాత్రలు చాలు, మూలికా చూర్ణంతో రోగనిరోధక శక్తి పెంచుకుంటే సరి అంటారు. ఒంట్లో నెమ్మదిగా పెరిగే క్రిములు కొన్ని అప్పటికీ బతికే ఉంటాయి; వాటి కోసమే ఆరు నెలల చికిత్స, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ మందులకు లొంగని క్రిమి తయారు కావచ్చు. గుడ్డు క్రిమిని చంపదు, మాత్ర కండ పెంచదు. సమగ్ర వైద్యమనే పేరుతో ఈ రెండింటిలో ఒకదాన్ని తీసేయమని చెప్పేది ఎవరైనా సరే, అది సగం వైద్యమే.

మొత్తం మనిషిని చూడడమంటే పెద్ద తాత్త్విక వ్యవహారమని భయపడనక్కర్లేదు. క్షయ తేలిన రోజే చక్కెర పరీక్ష, హెచ్ఐవీ పరీక్ష చేయడం మన జాతీయ కార్యక్రమంలో ఇప్పటికే భాగం. చక్కెర అదుపులో లేకపోతే క్షయ మందులు ఎంత మంచివైనా ఫలితం తగ్గుతుంది. అదీకాక రిఫాంపిసిన్ కొన్ని చక్కెర మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది కాబట్టి రెండు జబ్బులనూ ఒకే వైద్యుడు, లేదా ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఇద్దరు వైద్యులు చూడాలి. ఐసోనియాజిడ్ వల్ల కొందరికి అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, బీ6 విటమిన్ ఇస్తే తగ్గుతుంది; తాగేవారిలో, చిక్కిపోయినవారిలో ఆ తిమ్మిరి ఎక్కువ, మాత్రలు మానేయడానికి అదీ ఒక కారణం. తాగుడు మానమని చీటీ మీద రాయడం సులువు. మానడానికి సాయం ఎక్కడ దొరుకుతుందో రాయడం కొంచెం కష్టం.

చివరి మాత్ర వేసుకున్న రోజున కథ ముగిసిందనుకోవడమూ పొరపాటే. క్రిమి పోయినా ఊపిరితిత్తుల్లో మచ్చలు, గుంతలు మిగిలిపోయిన చాలామందికి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రికార్డులో వారు నయమైనవారు, క్వారీకి తిరిగి వెళ్తే మళ్లీ అదే దుమ్ము. శ్వాస వ్యాయామాలు నేర్పే కేంద్రాలు పెద్ద నగరాల్లో కొన్ని ఉన్నాయి, మండలాల్లో దాదాపు లేవు.

రెండో నెల పూర్తయి మందులు మారే రోజున రోగి ఎలాగూ ఆసుపత్రికి వస్తాడు, కళ్లె పరీక్ష ఎలాగూ చేస్తారు. మొదటి రోజు 38 కిలోలున్న మనిషికి అయిదు శాతమంటే 1.9 కిలోలు, ఆ రోజు దాదాపు 40 చూపించాలి. కళ్లెలో క్రిమి లేదని రిపోర్టు వచ్చి, తూకం మాత్రం 38 దగ్గరే ఆగిపోతే, అడగాల్సినవి అప్పుడు మొదలవుతాయి: వాంతులవుతున్నాయా, చక్కెర ఎంతుంది, డబ్బు ఖాతాలో పడిందా, పడితే ఏమైంది, ఇంట్లో ఎంతమంది తింటున్నారు, నువ్వు ఎప్పుడు తింటున్నావమ్మా, అందరికంటే ముందా, అందరూ లేచాకనా.